తిక్క దర్శకుడు, దొంగ బంగారం, ఒక యుద్ధం

మా టీములో ఒక కుర్రాడున్నాడు. సినిమాల విషయంలో నడిచే ఎక్సెల్ షీటు. మొన్న శుక్రవారం లంచ్‌లో దోపిడీ సినిమాల ప్రస్తావన వచ్చింది. ‘ఓషన్స్ ఎలెవెన్’, ‘ఇటాలియన్ జాబ్’ వగైరాలన్నీ అయిపోయాక నేను ‘త్రీ కింగ్స్’ అన్నాను.

"చూశానన్నా. క్లూనీ ఉన్నాడు, బంగారం ఉంది, ఎడారి ఉంది. ఇంకేం కావాలి? కానీ ఆ డైరెక్టరెవరో తిక్కమేళం. చక్కటి దోపిడీ కథలో రాజకీయాలు దూర్చి పాడుచేశాడు" అన్నాడు.

మాతో పాటు ఒక పెద్దాయన కూర్చుంటారు. సీరియస్ సినిమాల మనిషి. నవ్వొచ్చే సినిమా చూస్తే పాపం తగులుతుందని ఆయన నమ్మకం. ఆయన అటువైపు నుంచి అందుకున్నారు. "తప్పు అది కాదయ్యా. జనం చస్తున్న యుద్ధం మీద ఆ వెకిలి జోకులేంటి? రాజకీయం చెప్పదలచుకుంటే తిన్నగా చెప్పొచ్చుగా."

ఒకరేమో రాజకీయం తీసేసి జోకులుంచమంటారు. ఇంకొకరు జోకులు తీసేసి రాజకీయం ఉంచమంటారు. ఇద్దరికీ సమాధానం చెప్పడానికి లంచ్ బ్రేక్ చాలదు. మూడు రోజులుగా బుర్రలో తిరుగుతున్న ఆ సమాధానమే ఇది. నా మటుకు నాకు ఆ తిక్కే ఈ సినిమాకి ప్రాణం. తిక్కకో లెక్కుంటుందని మన హీరోగారు 2012లో చెప్పారు గానీ, డేవిడ్ ఓ రసెల్ 1999లోనే ఆ లెక్క వేసి చూపించాడు :)

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. 1991 మార్చి. కువైట్‌ని ఇరాక్ చేతిలోంచి విడిపించిన గల్ఫు యుద్ధం అప్పుడే ముగిసింది. అమెరికా సైనికులు ఎడారిలో పాటలు పెట్టుకుని గెంతులేస్తుంటారు. చాలామందికి యుద్ధం చేసినట్టే లేదు. లొంగిపోయిన ఒక ఇరాకీ సైనికుడి దగ్గర, చెప్పకూడని చోట దాచుకున్న మ్యాపు ఒకటి దొరుకుతుంది. సద్దాం మనుషులు కువైట్ నుంచి ఎత్తుకొచ్చిన బంగారం ఏ బంకర్లో ఉందో దాంట్లో ఉంటుంది. మేజర్ ఆర్చీ గేట్స్ (జార్జ్ క్లూనీ), ట్రాయ్ (మార్క్ వాల్‌బర్గ్), చీఫ్ (ఐస్ క్యూబ్), విగ్ (స్పైక్ జోన్జ్) నలుగురూ కలిసి పొద్దున్నే బయల్దేరి, బంగారం ఎత్తుకుని, లంచ్ టైముకి తిరిగి వచ్చేద్దామనుకుంటారు. మన రిలీజ్ ప్లాన్ల లాంటి ప్లాన్ అన్నమాట. కాగితం మీద భేషుగ్గా ఉంటుంది.

ఊళ్లోకి వెళ్లాక ప్లాన్‌లో లేనిది ఒకటి ఎదురవుతుంది. అక్కడ ఇంకో యుద్ధం జరుగుతూ ఉంటుంది. సద్దాం మీద తిరగబడిన సొంత ప్రజల్ని సద్దాం సైన్యం వేటాడుతూ ఉంటుంది.

ఇది రసెల్ కల్పన కాదు. కాస్త చరిత్ర చెప్పుకోక తప్పదు. 1991 ఫిబ్రవరి 15న అప్పటి అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్, ఇరాక్ సైన్యమూ ప్రజలూ వ్యవహారం తమ చేతుల్లోకి తీసుకుని సద్దాంని దింపేయాలని బహిరంగంగా పిలుపునిచ్చాడు. ఫిబ్రవరి 28న యుద్ధం ఆగింది. మార్చి మొదట్లో దక్షిణాన బస్రాలో జనం నిజంగానే తిరగబడ్డారు. అది దక్షిణాది షియాల నుంచి ఉత్తరాన కుర్దుల దాకా పాకింది. దేశంలోని 18 రాష్ట్రాల్లో చాలావాటిలో సద్దాం పట్టు జారిపోయింది. పిలిచినవాళ్లు వస్తారని వాళ్లు ఎదురుచూశారు. పిలిచినవాళ్ల సైన్యం పక్కనే, దక్షిణ ఇరాక్‌లోనే ఉంది. కానీ కదల్లేదు. పైగా మార్చి 3న సఫ్వాన్‌లో జరిగిన కాల్పుల విరమణ చర్చల్లో హెలికాప్టర్లు ఎగరేసుకోవడానికి ఇరాక్ జనరళ్లు అనుమతి అడిగితే సరేనన్నారు. రోడ్లూ వంతెనలూ కూలిపోయాయి, మా అధికారులు తిరగాలి కదా అన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆ హెలికాప్టర్లతోనే తిరుగుబాటుని అణిచారు. చచ్చిపోయినవాళ్లు పదుల వేలల్లో ఉంటారని అంచనా. 2003 తర్వాత సామూహిక సమాధులు తవ్వుతుంటే ఎముకలు బయటపడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు చెప్పండి. ఈ సినిమాలోంచి రాజకీయం తీసేస్తే ఏం మిగుల్తుంది?

1991లో నేను ఇంటర్ చదువుతున్నాను. మా కాలేజీలో ఫాస్ట్ బౌలర్‌కి స్కడ్ అనీ, వాణ్ణి బాదేవాడికి పేట్రియాట్ అనీ పేర్లు. యుద్ధమంటే మాకు క్షిపణుల స్కోరు. మా ఇంట్లో మాత్రం ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. కారణం మా బాబాయి. కువైట్‌లో ఒక షేకు ఇంట్లో డ్రైవరు. గోదావరి జిల్లాల నుంచీ, కడప నుంచీ అలా వెళ్లినవాళ్లు వేలల్లో ఉండేవాళ్లు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చిపడ్డాక, ఆరేళ్ల సంపాదన అక్కడే వదిలేసి, బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకి చేరి, గుడారాల్లో పడుండి, అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి వచ్చాడు. అలా వచ్చిన లక్షమందికి పైగా భారతీయుల్లో ఆయనొకడు. టీవీలో యుద్ధం వస్తే లేచి అరుగు మీదకి వెళ్లిపోయేవాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

1999 అక్టోబర్లో ఈ సినిమా రిలీజైనప్పుడు నేను వై2కే పుణ్యమా అని న్యూజెర్సీలో ఉన్నాను. వారాంతం, చేతిలో జీతం, జార్జ్ క్లూనీ. థియేటర్లో అందరితో పాటు నేనూ పగలబడి నవ్వాను. ఎక్కడ నవ్వు ఆగిపోయిందో కూడా బాగా గుర్తుంది.

అక్కడికే వస్తున్నాను. పెద్దాయనగారి అభ్యంతరం జోకుల మీద కదా. రసెల్ తిక్కపనులు మూడు తీసుకుని చూద్దాం.

మొదటిది తూటా. యాక్షన్ సినిమాల్లో మనం లక్ష తూటాలు చూసుంటాం. పేలాలు వేగినట్టు పేలుతుంటాయి, జనం రాలిపోతుంటారు, మనం పాప్‌కార్న్ నములుతుంటాం. ఇక్కడ గేట్స్ తన కుర్రాళ్లకి తూటా తగిలితే ఏమవుతుందో చెబుతాడు. వెంటనే కెమెరా ఒంటి లోపలికి దూరిపోతుంది. తూటా అవయవాన్ని చీల్చుకుపోతుంది, ఆ ఖాళీలో ఆకుపచ్చటి పైత్యరసం నిండుతుంది. వెకిలిగా ఉందా? ఉంది. కానీ ఆ తర్వాత సినిమాలో ఎవరు ట్రిగ్గర్ మీద వేలు పెట్టినా మన కడుపులో తిప్పుతుంది. మొదటి పెద్ద కాల్పుల సన్నివేశంలో ఒక్కొక్క తూటా ఎవరి తుపాకీలోంచి వచ్చింది, ఎవరికి తగిలిందీ విడివిడిగా చూపిస్తాడు. తూటాకి బరువిచ్చాడు. హింస తప్పని గంటసేపు ఉపన్యాసం చెప్పినా రాని ఫలితం అది.

రెండోది రంగులు. ఛాయాగ్రాహకుడు న్యూటన్ థామస్ సీగెల్. స్లైడులకి వాడే ఎక్టాక్రోమ్ ఫిల్మ్ మీద తీసి, దాన్ని మామూలు నెగటివ్ కడిగే రసాయనాల్లో కడిగారు. ఇసుక వెలిసిపోయి, ఆకాశం మండిపోయి, పాత వార్తాపత్రికలో అచ్చు జరిగిపోయిన ఫోటోలా ఉంటుంది బొమ్మ. స్టూడియో ఎంత కంగారు పడిందంటే, ఇంట్లో చూసుకునే కాపీ మొదట్లో "ఈ వింత రంగులు కావాలని వాడినవే" అనే అర్థంలో ఒక ప్రకటన తగిలించింది. ఇది బగ్ కాదు బాబూ, ఫీచరే అని రిలీజ్ నోట్స్‌లో రాసుకున్నట్టు :) కానీ ఆలోచించండి. ఆ యుద్ధాన్ని లోకమంతా టీవీలో ఆకుపచ్చ గీతలుగా, వీడియో గేములా చూసింది. ఆ శుభ్రమైన బొమ్మకి ఈ చెడిపోయిన బొమ్మే జవాబు.

మూడోది మైకేల్ జాక్సన్. నా నవ్వు ఆగిపోయింది ఇక్కడే. ట్రాయ్ ఇరాకీలకి పట్టుబడతాడు. కెప్టెన్ సయీద్ (సయీద్ తగ్మావీ నటన గురించి విడిగా రాయాలి) అతన్ని కుర్చీకి కట్టేసి అడిగే మొదటి ప్రశ్న, మైకేల్ జాక్సన్ సమస్య ఏమిటని. హాలంతా గొల్లుమంది. నల్లవాడు తన ఒంటి రంగుని తానే అసహ్యించుకునేట్టు మీ దేశమే చేసిందని అతను అనేసరికి నవ్వు సగమైంది. తర్వాత తెలుస్తుంది, బాగ్దాద్‌లో అమెరికా బాంబు పడి అతని పసిబిడ్డ ఉయ్యాలలోనే చచ్చిపోయాడని. ఇంటి కప్పు ఆ ఉయ్యాల మీద కూలడం మనకి చూపిస్తాడు. నీకూ బిడ్డ ఉందిగా అంటాడు. ట్రాయ్ కళ్లముందు అమెరికాలో తన ఇల్లు, తన భార్య, తన బిడ్డ, అదే బాంబు. ఈ విచారణ పద్ధతులు ఎక్కడ నేర్చుకున్నావంటే, ఇరాన్‌తో యుద్ధం చేసే రోజుల్లో మీ అమెరికా వాళ్లే నేర్పారంటాడు. సైన్యంలో ఎందుకు చేరావంటే ఇద్దరి జవాబూ దాదాపు ఒకటే. సంసారం గడవడానికి. ఈ యుద్ధం స్థిరత్వం కోసమని ట్రాయ్ పాఠం అప్పజెప్పబోతే నోట్లో ముడి చమురు పోస్తారు.

పెద్దాయనగారూ, ఈ సన్నివేశం ఏడుపుతో మొదలయ్యుంటే మనం ముందే చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లం. ‘ఓహో, సందేశం వస్తోంది’ అని సర్దుకునేవాళ్లం. నవ్వుతూ తలుపు తీశాం కాబట్టే ఆ ఉయ్యాల మన ఇంట్లోకొచ్చి కూర్చుంది. 2008లో వచ్చిన ‘ది హర్ట్ లాకర్’ చూడండి. మహా గంభీరమైన సినిమా, ఆరు ఆస్కార్లు. అందులో మీకు గుర్తున్న ఇరాకీ మనిషి ఒక్కడి పేరు చెప్పండి చూద్దాం. ఒక్క జోకూ వేయకుండానే ఇరాకీలందర్నీ కిటికీల్లోంచి తొంగిచూసే నీడలుగా మార్చేసింది. ‘త్రీ కింగ్స్’కి ఆస్కార్లలో ఒక్క నామినేషన్ కూడా రాలేదు. గంభీరత వేరు, నిజాయితీ వేరండీ. మనం ఈ రెంటినీ ఒకటే అనుకుంటాం.

ఇప్పుడు మా కుర్రాడి సంగతి. దోపిడీ కథలో రాజకీయం దూర్చాడంటావు. తమ్ముడూ, ఇక్కడ దోపిడీయే రాజకీయం. 1970లో ‘కెల్లీస్ హీరోస్’ అని వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం, జర్మన్ల వెనక బ్యాంకులో బంగారం, క్లింట్ ఈస్ట్‌వుడ్ ముఠా దాన్ని ఎత్తుకొస్తుంది. మనం ఈల వేసి ఇంటికొస్తాం. దాన్నే తీసుకొచ్చి ఇక్కడ పెట్టి ఏం జరుగుతుందో చూడు. బంకర్ దగ్గర సద్దాం సైనికులు అమెరికన్లని ఆపరు. బంగారం మోసి లారీలోకి ఎక్కించడానికి సాయం కూడా చేస్తారు! బంగారం పట్టుకుపొండి, మా జనాన్ని మాకు వదిలేయండి. అదీ బేరం. నలుగురు దొంగలకి దొరికిన ఈ బేరానికీ, మార్చి 1991లో ఆగిపోయిన యుద్ధానికీ తేడా ఏముంది? కువైట్ వెనక్కొచ్చింది, చమురు వెనక్కొచ్చింది, ఇక పదండి. జనాన్ని ఏం చేసుకుంటాడో సద్దాం ఇష్టం.

అప్పుడు ఒక ఇల్లాలిని మొగుడి ముందే, చిన్న కూతురి ముందే తలలో కాల్చేస్తారు. గేట్స్ లారీ ఎక్కడు. ఆ ఒక్క నిమిషంలో దోపిడీ సినిమా ఆగి ఇంకో సినిమా మొదలైందని నీ ఫిర్యాదు. కాదు. ఆ నిమిషంలో నువ్వూ లారీ ఎక్కి వెళ్లిపోదామనే అనుకున్నావు. ఆ సంగతి నీకు తెలిసొచ్చేలా చేశాడు, అందుకే నీకు మండింది.

మన దగ్గర ఇదే యుద్ధం మీద వచ్చిన సినిమా ఒకటుంది. 2016 జనవరిలో, రిపబ్లిక్ డేకి ముందు వచ్చిన ‘ఎయిర్‌లిఫ్ట్’. మా బాబాయి లాంటివాళ్ల కథ అని ఆశగా చూశాను. చెడ్డగా తీశారని అనను. కానీ అందులో లక్షమంది పని మొత్తం ఒక్క వ్యాపారి భుజాన వేసేశారు. రాత్రింబవళ్లు పనిచేసిన ప్రభుత్వ ఉద్యోగుల్ని చులకన చేశారని అప్పటి దౌత్యవేత్తలే బాధపడ్డారు. ఇరాకీ మేజర్ ఒక బఫూను. చివర్లో జెండా, మన కళ్లలో నీళ్లు, శుభం. ఒక్క ఇబ్బందికరమైన ప్రశ్న లేదు. మనవాళ్లని పనిలో పెట్టుకున్న షేకులు వాళ్లని ఎలా చూశారు? పాస్‌పోర్టులు ఎవరి బీరువాల్లో ఉండేవి? వెళ్లకపోతే గడవని పరిస్థితి మన ఊళ్లలో ఎందుకుంది? అడిగితే జెండా సీను పాడైపోతుంది మరి. రసెల్ తన దేశం జెండా కింద నిలబడి తన దేశాన్నే అడిగాడు. అదీ ఒక పెద్ద స్టూడియో డబ్బుతో, స్టార్లని పెట్టుకుని. అంతకుముందు అతను తీసినవి రెండే రెండు చిన్న సినిమాలు. అవీ కుటుంబాల్లోని గందరగోళాల మీద. మనకి ఎన్నో హిట్లిచ్చి కోట్లలో తీసుకునే దర్శకులు ఎంతమంది లేరు! వాళ్లలో ఎంతమందికి ఈ తిక్క ఉంది?

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. తిక్కని నెత్తినెక్కించుకునే ముందు రెండు విషయాలు.

ఒకటి, సెట్లో రసెల్ ప్రవర్తన. చిన్న నటుల మీద, సిబ్బంది మీద అరుస్తుంటే క్లూనీ అడ్డుపడ్డాడు, చివరికి ఇద్దరూ కలబడ్డారు. ఇది క్లూనీ స్వయంగా చెప్పిన సంగతే. తర్వాత ఇంకో సినిమా సెట్లో లిలీ టామ్లిన్ మీద ఇతను కేకలేస్తున్న వీడియో 2007లో బయటికొచ్చింది. ‘మేధావి కదా, అలాగే ఉంటాడు’ అని సమర్థించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. మన ఆఫీసుల్లో కూడా ఇలాంటివాళ్లుంటారు. బ్రహ్మాండమైన కోడ్ రాస్తారు, జూనియర్ల చేత కన్నీళ్లు పెట్టిస్తారు. కోడ్ మంచిది కాబట్టి కన్నీళ్లు మాఫీ కావు. బలహీనుడి పక్కన నిలబడమని చెప్పే సినిమా తీస్తూ బలహీనుడి మీద అరిచినవాణ్ణి ఆ సినిమాయే ఖండిస్తోంది. నేను పనిగా ఖండించక్కర్లేదు.

రెండోది, ముగింపు. బంగారం ఎక్కడ పాతిపెట్టారో చెప్పి, దానికి బదులుగా ఆ జనాన్ని ఇరాన్ సరిహద్దు దాటిస్తారు. బంగారమంటే కదిలే సైన్యం మనుషులంటే కదలదు అన్న వెటకారం అందులో ఉంది, ఒప్పుకుంటాను. కానీ అసలు 1991లో ఏ అమెరికన్ మేజరూ అలా రాలేదు. జనం గోతుల్లోకి వెళ్లారు. హాల్లోంచి బయటికొస్తున్న ప్రేక్షకుడు ‘పోన్లే, మనవాళ్లు కాపాడారు’ అని ఊపిరి పీల్చుకుంటాడు. అంతసేపు మన పీక పట్టుకుని కూర్చున్న తిక్కదర్శకుడు ఆఖరి పది నిమిషాల్లో వదిలేశాడు. మా పెద్దాయన ఇక్కడ విమర్శించి ఉంటే నేను నోరు మూసుకునేవాణ్ణి.

2004లో రసెల్ ఒక సంగతి చెప్పాడు. 1999లో ఒక విందులో చిన్న బుష్ ఎదురైతే, మీ నాన్నగారి ఇరాక్ వారసత్వాన్ని ప్రశ్నించే సినిమా తీస్తున్నాను అన్నాడట. అయితే ఆ పని నేను పూర్తి చేయాల్సొస్తుందేమో అని ఆయన జవాబట. 2003 మార్చిలో పూర్తి చేయడానికి వెళ్లనే వెళ్లారు. ఏం పూర్తయిందో మనం చూశాం. ఆ వారంలోనే నేను డీవీడీ అద్దెకి తెచ్చుకుని మళ్లీ చూశాను. ఈసారి ఎక్కడా నవ్వు రాలేదు.

కొన్నాళ్లకి సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు బాబాయికి చూపించాను. ఇంగ్లీషు అర్థం కాదు, నేను పక్కన కూర్చుని చెబుతున్నాను. ఈసారి ఆయన లేచి అరుగు మీదకి వెళ్లలేదు. కెప్టెన్ సయీద్ సీను అయ్యాక రిమోట్ తీసుకుని ఆపేశాడు.

"ఒరేయ్, మేం బస్సులో వస్తుంటే బస్రా దగ్గర ఒక సిపాయి ఆపాడ్రా. మీసాలు కూడా సరిగ్గా రాలేదు వాడికి. తుపాకీ నా గుండెకి పెట్టి వాచీ తీయమన్నాడు. ఇచ్చాను. వాడి చెయ్యి వణుకుతోంది. ఆకలిగా ఉన్నాడని అర్థమై నా దగ్గరున్న బిస్కెట్ల పొట్లం కూడా ఇచ్చేశాను. అక్కడే నిలబడి తినేశాడు. తర్వాత టీవీలో బాంబులు చూపిస్తుంటే మీరంతా చప్పట్లు కొట్టేవాళ్లు. నాకేమో వాడు గుర్తొచ్చేవాడు. నా వాచీ ఎత్తుకెళ్లినవాడు బతకాలని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

పదమూడేళ్లు దాచుకున్న మాట అది. గంభీరమైన డాక్యుమెంటరీ ఏదీ ఆయన చేత చెప్పించలేకపోయింది. మైకేల్ జాక్సన్ గురించి అడిగిన ఇరాకీ కెప్టెన్ చెప్పించాడు.

అందుకని తమ్ముడూ, ఈ వారాంతం ఇంకోసారి చూడు. జోకులొచ్చినచోట హాయిగా నవ్వు. నవ్వు ఎక్కడ ఆగిందో మాత్రం గుర్తుపెట్టుకో. సోమవారం లంచ్‌లో మాట్లాడుకుందాం.